కంచె లోపలి చెంబు

రేగులకుంట, దేవరకొండ తాలూకా
12 ఫిబ్రవరి 1958

చెల్లె భద్రమ్మకు అన్న ఐలేశం రాస్తున్నది.

నీ కార్డు నిన్న అందింది. ఎవరితో రాయించావో అనుకుంటూ చదివాను. చివర "ఇది నా చేతి రాత" అని చూసి మళ్ళీ మొదటి నుంచి చదివాను. మన ఇంట్లో అక్షరం పట్టిన మొదటి ఆడపిల్లవు నువ్వే. సంఘం వాళ్ళు పెట్టిన బడిలో నేను ఆరు నెలలు కుస్తీ పట్టి నేర్చిన చదువు నాది. నీ రాత దానికంటే గుండ్రంగా ఉంది. పైగా పుస్తకం భాష రాస్తున్నావు. నేనూ నీకు తగ్గకుండా రాయాలని కూర్చున్నాను. తప్పులుంటే నవ్వకు.

అమ్మ ఆ కార్డు తీసుకుని వేళ్ళతో తడిమింది. ఎడమ కన్ను పోయిన సంగతి నీకు తెలుసు. ఇప్పుడు కుడి కంట్లో కూడా పువ్వు పడింది. ఏడాది తిరిగేసరికి అదీ పోతుందని దేవరకొండ డాక్టరు అన్నాడు. హైదరాబాదు దవాఖానలో కోత పెడితే కొంత ఆశ ఉందట. ఆ మాట చెబితే అమ్మ, "గొర్రెనన్న మెడకాడ కోస్తరు, నన్ను కంటికాడ కోస్తరా?" అని చెయ్యి విదిలించింది. ఆమెను ఒప్పించడం నావల్ల కాలేదు, ఇక మీ వదిన వల్ల ఏమవుతుంది.

ఆమె కోరిక ఒకటే. చూపు ఉండగా నిన్నూ నీ బిడ్డ సుక్కమ్మనూ చూడాలి. నువ్వు కృష్ణయ్య బావతో ఆ కంచెకు వెళ్ళి రెండేళ్ళయింది, ఒక్కసారి రాలేదు. అందుకని అమ్మనే ఒక నెల నీ దగ్గర ఉంచుకో. బావ తీసుకెళ్ళడానికి ఎప్పుడొస్తాడో రాయి.

ఐలేశం


పర్వతాలు కంచె, కొల్లాపురం దగ్గర
3 మార్చి

అన్నకు,

నీ ఉత్తరం సుక్కమ్మతో చదివించుకుని, మళ్ళీ నేను చదువుకున్నాను. అమ్మ కన్ను గురించి చదివాక పొయ్యి మీద అన్నం మాడిపోయింది.

అమ్మ వస్తే నాకు పండగే. కానీ ఇక్కడి పద్ధతి నీకు సరిగా తెలియదు, అందుకే చెబుతున్నాను. మా పర్వతాలు గురువు ఒకప్పుడు తాటిచెట్లెక్కి కల్లు గీసినవాడే. తన కల్లు తాగి మనుషులు పెళ్ళాలను కొట్టడం చూడలేక ఒకరోజు చెట్టు దిగి, మోకును తన చేత్తోనే తగలబెట్టాడు. ఆయన దగ్గర బోధ తీసుకున్నవాళ్ళమే ఇక్కడ ఇరవై రెండు ఇళ్ళవాళ్ళం ఉన్నాం. బోధ అంటే చెవిలో చెప్పే ఒక మాట. అది విన్న రోజు నుంచి కల్లు, మాంసం, జంతు బలి మూడూ మానాలి. మా ఇళ్ళ చుట్టూ ముళ్ళ కంచె ఉంది. బోధ తీసుకోనివాళ్ళు దాన్ని దాటి లోపలికి రారు. చుట్టాలొస్తే వాకిలి దగ్గర పందిరి కింద కూర్చుని మాట్లాడి వెళ్తారు. మేమూ బయటివాళ్ళ ఇళ్ళల్లో తినము, పడుకోము. ఒక్క రాత్రి ఉన్నా మళ్ళీ లోపలికి రానివ్వరు.

ఇది వినగానే నీకు కోపం వస్తుందని తెలుసు. కోపం తర్వాత పడు, ముందు అమ్మను అడుగు. బోధ తీసుకుంటే నెల కాదు, బతికినంత కాలం నా దగ్గరే ఉండొచ్చు. పెద్దగా కష్టమేం కాదు. ఆమెకు పళ్ళు కూడా సరిగా లేవు కదా, మాంసం మానితే పోయేదేముంది?

భద్రమ్మ


రేగులకుంట
21 మార్చి

చెల్లెకు,

అడిగాను. అమ్మ జవాబు ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "పండ్లు లేకుంటె పులుసు తాగుత. మల్లన్న పండుగకు ముగ్గుల పట్నాలేసినప్పుడు గొర్రెను కోసి నాలుకకు రాసుకోకుంటె దేవునికి ఏం మొహం చూపియ్యాలె? బిడ్డను చూసేటందుకు అబద్ధం ఒట్టేసుకోవాల్నా?" అబద్ధమాడి లోపలికి రావడం ఆమెకు చేతకాదు. మీ గురువుకు ఆ మాట చెప్పు, సంతోషిస్తాడు.

ఇక నా కోపం సంగతి. గొల్లవాడు మాంసం మానడం వరకు నాకు అభ్యంతరం లేదు. మీ మందలో పొట్టేళ్ళు ముసలివై, పళ్ళూడి, సర్కారు పెన్షను తీసుకునే తహసీల్దార్లలాగా తిరుగుతున్నాయని కల్వకుర్తి అంగట్లో నవ్వుకుంటున్నారు. నవ్వనీ. నా గొడవ కంచెతో. కన్నతల్లి దాటకూడని కంచె ఏం కంచె? మీరు అంత మంచివాళ్ళయితే ఊరి మధ్యలో ఉండి చూపించండి. ఊళ్ళో నిలబడలేని మంచితనం ఎందుకు పనికొస్తుంది? పదేళ్ళ కింద మేము సంఘంలో చేరి నిజాం మీద తిరగబడినప్పుడు అన్ని కులాలవాళ్ళం గుట్టల్లో ఒక్క కుండలో వండుకుని తిన్నాం. మాదిగ బిక్షమ్మ లేదూ, మన దొడ్లో పని చేసేది, ఆమె పెనిమిటి చెన్నయ్యా నేనూ ఒక్క ఆకులో తిన్నాం. ఆయన పోయి నాలుగేళ్ళయినా ఆ రోజులు మరచిపోలేదు. మనుషుల్ని కలపడం కోసం జైలుకు పోయినవాణ్ణి నేను. నా చెల్లెలు మనుషుల్ని విడదీసే ముళ్ళకంచెలో కూర్చుందని నలుగురికి ఎలా చెప్పుకోను?

మన ఊరు చూడు. అన్ని రకాల మనుషులం ఒక్క ఊళ్ళోనే బతుకుతున్నాం కదా. మీకేం వచ్చింది?

ఐలేశం


పర్వతాలు కంచె
9 ఏప్రిల్

అన్నకు,

మాకేం వచ్చిందో చెబుతాను. నోటితో ఎప్పుడూ చెప్పలేదు. కాగితం మీద కాబట్టి చెప్పగలుగుతున్నాను.

నా వీపు మీద ఏడు వాతలున్నాయి. రెండుసార్లు నీ ఇంటికి వచ్చాను. రెండోసారి సుక్కమ్మ చంకలో ఉంది. "మొగనోడు తాగినప్పుడు నాలుగు దెబ్బలు తప్పయి, సర్దుకో" అని నువ్వే నన్ను కల్వకుర్తి బస్సు ఎక్కించావు. అందరూ కలిసున్న మన ఊరి నుంచే ఎక్కించావు.

ఆయన రాక్షసుడు కాదన్నా. నాలుగుసార్లు కల్లు మానాడు. ఒకసారి పెళ్ళిలో పట్టుకుని పోశారు. ఒకసారి చావు ఇంట్లో, తాగకపోతే శవానికి అవమానమన్నారు. ఒకసారి పండగ, ఒకసారి ఊరికే, నలుగురు కూర్చుని ఎకసెక్కాలాడి. ఊళ్ళో మనిషి మంచివాడవుదామంటే ఊరంతా నవ్వుతుంది. ఇక్కడ తాగితే నవ్వుతారు. రెండేళ్ళుగా ఆయన నా మీద చెయ్యెత్తలేదు. ముళ్ళకంచె అంటున్నావు. ఆ ముళ్ళు ఎవరినీ గుచ్చవు, కల్లు కుండను మాత్రం లోపలికి రానివ్వవు.

ఇంకో మాట. మన ఊరు ఒక్క ఊరేనా? గొల్లగేరి వేరు, మాలవాడ వేరు, మాదిగగూడెం వాగు అవతల. దాన్ని ఒక్క ఊరు అంటున్నావు. ఇక్కడ నా పక్కింటి జానమ్మ మాదిగ ఇంట్లో పుట్టింది. ఆమె రొట్టె కొడితే నేను తింటాను, నేను పప్పు చేస్తే ఆమె తింటుంది. ఇద్దరం ఒక్క పలక మీద అక్షరాలు దిద్దుకున్నాం. మీరు గుట్టల్లో దాక్కున్నప్పుడు చేసిన పని మేము పట్టపగలు చేస్తున్నాం. అది చేయడానికి ఊరికి దూరం రాక తప్పలేదు. నువ్వు మా కంచెనే చూస్తున్నావు. మీ ఊరి కంచెలు నీకు కనపడవు, ఎందుకంటే నువ్వు వాటి లోపలే పుట్టావు.

భద్రమ్మ


రేగులకుంట
30 ఏప్రిల్

భద్రమ్మా,

నీ ఉత్తరం అమ్మకు సగమే చదివాను. సగం ఎందుకు చదవలేదో నీకు తెలుసు. ఆ రోజు బస్సు ఎక్కించింది నేనే. అప్పుడు నాకది తప్పుగా తోచలేదు, అదే పెద్ద తప్పు. ఇన్నేళ్ళ తర్వాత తప్పయిందంటే నీ వాతలు మానవు. అయినా అంటున్నాను.

బావ మానేశాడంటే ఆ గురువుకు నేనూ దండం పెడతాను. కంచె విషయంలో మాత్రం నా మనసు ఒప్పుకోలేదు. వాదన ఇక చాలు.

అమ్మ తనకు తానే తీర్పు చెప్పింది. "లోపలికి రానియ్యకుంటె పాయె. వాకిట్ల కూసుంట. బిడ్డను చూసుకొని వస్త. చూసేటందుకు నెత్తిమీద కప్పు కావాల్నా?" అంది. ఈనిన గొర్రెలను వదిలి నేను రాలేను. బిక్షమ్మ వాళ్ళ అక్క మీ కొల్లాపురంలోనే ఉంది. ఆమె అక్కను చూడడానికి వస్తూ అమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొస్తానంది. వచ్చే నెల పున్నమి దాటాక బయలుదేరతారు. ఎదురుచూడు.

ఐలేశం


పర్వతాలు కంచె
11 జూన్

అన్నకు,

అమ్మ వచ్చి వెళ్ళింది. క్షేమంగా చేరే ఉంటుంది. పొద్దున్నే వచ్చి, పొద్దు వాలేదాకా పందిరి కింద కూర్చుంది. నా మొహం తడిమి చిక్కిపోయావంది. సుక్కమ్మను వెలుతురులో నిలబెట్టి, అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుంది. సుక్కమ్మ ఒక తత్వం పాడింది, అమ్మ తల ఊపింది. బిక్షమ్మ కూడా విన్నది. ఎండ ఎక్కువగా ఉండింది. దాహానికి నీళ్ళిచ్చాం. అంతా బాగానే జరిగింది.

అమ్మ ఇంటికి వచ్చాక ఏమన్నా చెప్పిందా? ఏమన్నా సరే, ఉన్నదున్నట్టు రాయి.

భద్రమ్మ


రేగులకుంట
8 జులై

చెల్లెకు,

అక్కడ ఏం జరిగింది?

అమ్మ నీ గురించి ఒక్క చెడ్డ మాట అనలేదు. అసలు ఏ మాటా అనలేదు. వచ్చిన మర్నాడు బిక్షమ్మ పనికి వచ్చి ఎప్పటిలాగే వాకిట్లో నిలబడి నీళ్ళడిగింది. అమ్మ లోపలి నుంచి తడుముకుంటూ చెంబుతో వచ్చి, "అరుగెక్కు" అంది. ఆమె ఎక్కలేదు. అమ్మ చెయ్యి పట్టి ఎక్కించింది. చెంబు చేతిలో పెట్టింది. వీధిలో పోయే వాళ్ళందరూ చూశారు. మర్నాడూ అంతే. మూడో రోజు గొల్ల కులపెద్దలు మన ఇంటి ముందు చాప పరిచి పంచాయితీ పెట్టారు.

ఇది చట్టం కూడా ఒప్పుకున్న పనేనని, అంటరానితనం నేరమని చదివి వినిపించాను. కులపెద్ద గుర్వయ్య, "చట్టం ఢిల్లీల ఉంటది, నీ మంద ఈడ మేస్తది" అన్నాడు. అమ్మ తప్పు ఒప్పుకుంటే వదిలేస్తామన్నారు. ఆమె, "తప్పు ఒప్పుకుంట. ఇన్నేండ్లు చేసినదాని కోసం ఒప్పుకుంట. మొన్న చేసినదాని కోసం ఒప్పుకోను" అంది. అంతే, మమ్మల్ని వెలి వేశారు. మా మందను ఎవరూ తమ మందతో కలపనివ్వడం లేదు. మీ వదినకు ఎవరూ పొయ్యిలోకి నిప్పు ఇవ్వడం లేదు. మంగలి రాడు, నా గడ్డం చూస్తే మీ గురువు అసూయపడతాడు.

బిక్షమ్మను అడిగితే నవ్వి, "మీ చెల్లెను అడుగు" అంటోంది. అందుకే అడుగుతున్నాను.

ఐలేశం


పర్వతాలు కంచె
27 జులై

అన్నా,

దాహానికి నీళ్ళిచ్చామని రాశాను. ఎలా ఇచ్చామో రాయలేదు. రాయకుండా దాచాలనే అలా రాశాను.

బయటివాళ్ళ నోరు మాంసం తిన్న నోరు, కల్లు తాగిన నోరు. అందుకని మా చెంబు వాళ్ళకు ఇవ్వకూడదు. ఎత్తుగా పట్టి దోసిట్లో పోయాలి. ఇది కులం పట్టింపు కాదు, ఎవరు వచ్చినా ఇంతే, కాబట్టి తప్పు లేదని అనుకునేదాన్ని. మొన్నటిదాకా అనుకున్నాను. జానమ్మ తల్లి ప్రతి అమావాస్యకూ వస్తుంది, ఆమెకూ అలాగే పోస్తాం. మాదిగ అని కాదు, బోధ తీసుకోలేదని. ఆ తేడా నాకు చాలా పెద్దదిగా కనిపించేది.

అమ్మకు దాహమేసింది. నేను చెంబుతో వచ్చాను. అడుగుల చప్పుడు విని అమ్మ చెయ్యి చాపింది. చెంబు కోసం గాలిలో వెతికింది. "అమ్మా, దోసిలి పట్టు" అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. మళ్ళీ అన్నాను. ఆమె మొహం నా వైపు తిప్పింది. చివరికి రెండు చేతులూ కలిపింది గానీ, ఎప్పుడూ పట్టలేదు కదా, వేళ్ళ సందుల్లోంచి నీళ్ళన్నీ మోచేతుల మీదుగా ఒళ్ళో పడ్డాయి. పక్కన బిక్షమ్మ లేచి వచ్చి అమ్మ చేతులు పట్టుకుని నేర్పింది. "గట్ల కాదు గుర్వమ్మక్కా. వేళ్ళు దగ్గరికి తియ్యి. మణికట్టు మీద మూతి ఆనిచ్చు. మోచేతులు లేపు, లేకుంటె కొంగు తడుస్తది. నాకు నలభై యేండ్ల అలవాటు. మీ ఇంటికాడనే నేర్సిన."

ఆమె ఎత్తిపొడవలేదన్నా. ఏడ్చే పిల్లకు జడ వేసినట్టు చెప్పింది. అందుకే భరించలేకపోయాను. అమ్మ రెండు గుక్కలు తాగి, చాలంది. ఎండలో అంత దూరం వచ్చిన మనిషికి రెండు గుక్కలు చాలాయి.

ఆ తర్వాత నాకు అన్నం సయించడం లేదు. కులాన్ని వదిలి వచ్చామనుకున్నాను. దాన్ని మూట కట్టుకుని తెచ్చి వాకిట్లో దింపి, దానికి ఇంకో పేరు పెట్టాం. నీ ఊరి కంచెలు నీకు కనపడవని రాసినదాన్ని, నాది నాకు కనపడలేదు.

నేను వచ్చేస్తాను. సుక్కమ్మను తీసుకుని అమ్మ దగ్గరికి వచ్చేస్తాను. ఆయనకు చెప్పాను. "నువ్వు పోతె నేను గూడ వస్త. గని కంచె దాటితె నన్ను నేను ఆపుకోలేను భద్రా. నాకు తెలుసు" అన్నాడు. అయినా వచ్చేస్తాను. నీ ఇల్లు వెలిలో ఉందంటే నాకు ఇంకా మంచిది, చెంబు అందరి చేతికీ ఇచ్చే ఇల్లు అదొక్కటే.

భద్రమ్మ


రేగులకుంట
19 ఆగస్టు

చెల్లెకు,

నీ ఉత్తరం ఈసారి అమ్మకు మొత్తం చదివాను. వాతల ఉత్తరం కూడా బయటికి తీసి, అప్పుడు దాచిన సగం చదివాను. అమ్మ వింటూ వింటూ నా మోకాలి మీద ఒక దెబ్బ వేసింది. నలభై రెండేళ్ళవాణ్ణి, వెయ్యనిచ్చాను.

నువ్వు దాచింది చెప్పావు కాబట్టి నేను దాచింది చెబుతాను. చట్టం చదివానని గొప్పగా రాశాను కదా, అది మూడో రోజు. మొదటి రోజు అమ్మ చెంబు ఇచ్చినప్పుడు నేనేమన్నానో తెలుసా? "ఈ వయసుల నీకెందుకమ్మా ఇవన్ని? ఆ చెంబుకు చింతపండేసి తోము" అన్నాను. నేనే అన్నాను. చెన్నయ్యతో ఒక్క ఆకులో తిన్నవాణ్ణి. గుట్ట దిగి ఇంటికి వచ్చిన నాటి నుంచి ఆయన భార్య నా వాకిట్లో ఎలా నీళ్ళు తాగుతోందో ఒక్కనాడు తల తిప్పి చూడలేదు. చెప్పేవి శ్రీరంగనీతులు అంటారే, అది నా గురించే. మనుషుల్ని కలపడం గుట్టల మీద సులువు. ఇంటి అరుగు ఎత్తు మూరెడే, అది ఎక్కించడం నాకు చేతకాలేదు.

ఇక నువ్వు వస్తానన్న సంగతి. సంతోషంగా రమ్మని రాద్దామని కాగితం తీశాను. అమ్మ ఆపింది. ఆమె మాటలు రాస్తున్నాను, ఒక్కటి కూడా మార్చలేదు.

"దాన్ని రావద్దను. నేను యాభై యేండ్లు పోసిన. బిక్షమ్మకు పోసిన, దాని అత్తకు పోసిన. ఒక్కనాడు గూడ నా చెయ్యి ఒణకలే. ఆనాడు నా బిడ్డ పోస్తుంటె ధార ఒణికింది. నా కండ్లకు కనపడలే గని దోసిట్ల తెలిసింది. గా ఒణుకు చాలు నాకు, కడుపు నిండింది. గని ఆడ చెయ్యి ఒణికింది దానొక్కదానికే. అది గూడ బయటికొస్తె, లోపల పోసేటోళ్ళంత చెయ్యి ఒణకనోళ్ళే ఉంటరు. అల్లుడు ఆడ బాగుపడ్డడు. పిల్ల చదువుతున్నది. అది మంచి జాగనే. మంచి జాగను వదిలిపెట్టి వస్తె అది మంచిగెట్ల ఉంటది? నేనే వస్త. చలి పడినంక బిక్షమ్మను తీస్కొని నేనే వస్తనని రాయి."

రమ్మని రాయబోయిన కాగితం మీదే ఇది రాశాను. నీకేం తోస్తుందో రాయి.

ఐలేశం


పర్వతాలు కంచె
5 డిసెంబరు

అన్నకు,

బిక్షమ్మ వాళ్ళ అక్క ఇంట్లో దిగిన అమ్మా బిక్షమ్మా రేపు కొల్లాపురంలో బస్సెక్కుతారు. వాళ్ళకంటే ముందు ఈ ఉత్తరం చేరదని తెలుసు. అయినా ఇది నేను రాయవలసింది, అమ్మ చెప్పేది కాదు.

మొన్న సోమవారం వచ్చారు. అమ్మకు ఇప్పుడు నీడలే కనిపిస్తున్నాయి. పందిరి కింద కూర్చున్నారు. నేను వస్తుంటే చాలామంది చూస్తున్నారు, ఎందుకంటే నేను ఏం చేయబోతున్నానో ముందురోజే తత్వాలు పాడే దగ్గర అందరి ముందు చెప్పాను. దొంగతనంగా చేస్తే అది నా తల్లి మీద ప్రేమ అవుతుంది, అంతే. చెప్పి చేస్తేనే వాళ్ళు ఏదో ఒకటి ఆలోచించుకోవాలి.

చెంబు ముందు బిక్షమ్మకు చాపాను. ఆమె అలవాటు కొద్దీ దోసిలి పట్టింది. నేను పోయలేదు. ఆమె దోసిలి అలాగే పట్టి ఉంది, నేను చెంబు అలాగే పట్టి ఉన్నాను. ఎంతసేపని చెప్పను, నా చెయ్యి లాగింది. "తీసుకో బిక్షమ్మక్కా" అన్నాను. ఆమె చేతులు విడదీసి, కొంగుకు తుడుచుకుని, చెంబు తీసుకుంది. ఎత్తి పోసుకుని తాగింది. అమ్మ మాత్రం కావాలనే అంచు కరుచుకుని తాగింది, సగానికి పైగా తాగింది. మిగిలినవి నేను తాగాను.

సాయంత్రం గురువు పిలిపించాడు. అందరూ కూర్చున్నారు. ఆయన కోప్పడలేదు. "మీ అమ్మ రేపు మల్లన్నకు గొర్రెను కోస్తది గద?" అన్నాడు. కోస్తుందన్నాను. "ఆ నోరు ముట్టిన చెంబుతోని నువ్వు తాగినవు." తాగానన్నాను. "తాగినంక నీకు మాంసం తినబుద్ధి అయిందా?" లేదన్నాను. ఆయన తన అరచేతులకేసి చూసుకున్నాడు. మోకు ఒరుసుకున్న కాయలు ఇంకా పోలేదు. "నేను కంచె వేసింది మనం గట్టిగ లేమని భయపడి. గట్టిగ లేని మాట నిజమే. కృష్ణయ్యను అడుగు, చెప్తడు" అన్నాడు. మా ఆయన తల వంచుకుని, "నాకు కంచె ఉండాలె గురువా. కల్లుకు ఉండాలె. మా అత్తకు వద్దు" అన్నాడు. అంత మందిలో ఈయన నోరు తెరవడం నేను ఎప్పుడూ చూడలేదు. ఇద్దరు ముగ్గురు గొణిగారు. ఒకాయన లేచి వెళ్ళిపోయాడు. గురువు, అమావాస్య నాడు అందరూ చెప్పండి, అప్పటిదాకా భద్రమ్మ ఇల్లు వేరుగా ఉండాలి అన్నాడు. అంటే నేను కూడా నీలాగే, నిప్పు అడగకూడదు, రొట్టె ఇచ్చి పుచ్చుకోకూడదు.

అన్నా, నాకు భయంగా ఉంది. వెళ్ళగొడితే ఈయన ఏమవుతాడో అని ఒకటే భయం. చేసినందుకు మాత్రం బాధ లేదు.

నిన్న పొద్దున జానమ్మ మా గడపలోకి వచ్చింది. రాకూడదు. వీధిలో నలుగురూ చూస్తుండగా వచ్చి, "ఆ చెంబేది?" అని అడిగింది. చూపించాను. తనే కుండలో ముంచుకుని, అంచు కరుచుకుని చెంబెడు నీళ్ళూ తాగింది. మూతి తుడుచుకుంది. "మా అవ్వకు నేను మూడేండ్లు దోసిట్ల పోసిన భద్రమ్మా. ఆమె ఒక్కనాడు ఏమనలే. ఊళ్ళె అందరు గట్లనే పోస్తరు గద, బిడ్డ గూడ గట్లనే పోసిందనుకున్నది" అంది. చెంబు పట్టుకుని ఏడ్చింది, నేను ఆమె పక్కన కూర్చున్నాను.

లేచేటప్పుడు చెంబు నాకు తిరిగి ఇవ్వలేదు. అమావాస్యకు వాళ్ళమ్మ వస్తుందని, తనకు కావాలని, ఇంటికి పట్టుకుపోయింది.

భద్రమ్మ